గ్రాంటు వచ్చింది సరే, పీరియడ్ ఉందా?

బడి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు గుంటూరులో రిటైరైన ఒక హైస్కూలు హెడ్మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగానికి పైగా బళ్లకి బయటి నుంచి వచ్చే డబ్బు గురించే. అన్నిటికీ రాయడం నా వల్ల కాదు, ఐదు తీసుకున్నాను. కొన్నిటిని కుదించాను, మనుషుల పేర్లు, బళ్ల పేర్లు తీసేశాను. ఇది ఫలానా బడే అని మీరు గుర్తుపట్టేస్తే నన్ను అడక్కండి, అలాంటి బళ్లు మన చుట్టుపక్కల బోలెడున్నాయి.

*

ప్రశ్న: మాస్టారూ, మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. పాప మున్సిపల్ స్కూల్లో ఐదో తరగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చిపోయాక మా బడికి చాలామంది దాతలు వచ్చారు. అందులో ఒక సంస్థ పెద్ద ప్రాజెక్టు పెట్టింది. గోడకి పెద్ద టీవీ, ట్యాబులు, రంగు బెంచీలు, గోడల నిండా బొమ్మలు, చూడటానికి కార్పొరేట్ స్కూల్లా ఉంది. నేను పేరెంట్స్ కమిటీలో ఉన్నాను, ప్రారంభం రోజు నాతోనే కొబ్బరికాయ కొట్టించారు. కానీ మా పాప రెండో తరగతి తెలుగు వాచకం ఇంకా కూడబలుక్కుంటూనే ఉంది, తీసివేతల్లో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం రాదు. మా ఆయన ఆటో నడుపుతారు, అప్పు చేసైనా ప్రైవేటులో వేద్దామంటున్నారు. ఇంత డబ్బు వచ్చిన బడిలో చదువెందుకు రావడం లేదు? పాపని మార్చాలా?
(ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, కొబ్బరికాయ దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కాస్త సిగ్గేసింది, అలాంటి కొబ్బరికాయలు నేనూ చాలా కొట్టించాను మరి.

ఒకటి చెప్తాను వినండి. నేను హెడ్మాస్టారుగా ఉన్న ఒక జెడ్పీ హైస్కూలుకి విదేశీ గ్రాంటు మీద పది కంప్యూటర్లు వచ్చాయి. ఏ సంస్థో చెప్పను, మంచివాళ్లే. ప్రారంభం రోజు షామియానా, పూలదండలు, ఆడపిల్లలతో స్వాగత నృత్యం, తలుపు పక్కన దాత పేరు చెక్కిన రాయి. దుమ్ము పడుతుంది, మానిటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు తీయొద్దని వాళ్ల ఇంజనీరు చెప్పి వెళ్లాడు, మేం తీయలేదు. మొదటి ఆరు నెలలు ఒక కుర్రాణ్ణి జీతమిచ్చి పంపారు, అతనున్నన్నాళ్లూ పిల్లలు ఆ గదికి పరిగెత్తేవాళ్లు. అతని జీతం ఆగాక ఎవరు చెప్పాలి? మా లెక్కల మాస్టారికి అప్పటికే వారానికి ముప్పై దాటిన పీరియడ్లు. చూద్దాంలే అనుకుంటుండగానే యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. కంప్యూటర్లకి గ్రాంటులో డబ్బుంది గానీ బ్యాటరీలకి పద్దు లేదు, మా స్కూలు గ్రాంటేమో సుద్దముక్కలకీ, చీపుళ్లకీ, కరెంటు రిపేర్లకీ చాలేది కాదు. గది తాళం వచ్చి నా బీరువాలో పడింది. రెండేళ్లకి ఆడిట్ వాళ్లు వస్తే తలుపు తీశాం. వైర్లు ఎలుకలు కొరికేశాయి, మానిటర్ల మీద కవర్లు మాత్రం పెళ్లికూతురి మేలిముసుగులా అలాగే ఉన్నాయి. వాళ్లు పదీ లెక్కపెట్టుకున్నారు, స్టాక్ రిజిస్టరుతో సరిపోయింది, సంతకం పెట్టి టీ తాగి వెళ్లారు. ఎవరి కాగితం ప్రకారం చూసినా అక్కడ తప్పేం జరగలేదు!

అప్పట్నుంచి ఎవరు ఏ గ్రాంటు తెచ్చినా నేను ముందుగా అడిగేది ఒక్కటే. టైంటేబుల్లో దీనికి పీరియడ్ ఎక్కడుంది, అది ఎవరు తీసుకుంటారు? మీ బడికొచ్చిన టీవీ, ట్యాబుల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది.

ఇదంతా నా ఒక్కడి అనుభవమేలే అనుకుంటారేమో. ఉమ్మడి రాష్ట్రంలోనే 2005 నుంచి ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పెద్ద ప్రయోగం చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిశాయి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ముందుండి నడిపారు. బళ్లని లాటరీ పద్ధతిలో విడగొట్టి వంద బళ్లకి డబ్బు గ్రాంటు, వంద బళ్లకి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, రెండు వందల బళ్లలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనసు ఇచ్చారు, మిగతా వందకి ఏమీ ఇవ్వలేదు, పోల్చుకోవడానికి.

డబ్బిచ్చిన బళ్ల కథ మీకు బాగా పనికొస్తుంది. బడికి ఏడాదికి దాదాపు 10 వేలు, పిల్లలు నేరుగా వాడుకునే వాటికే ఖర్చు పెట్టాలన్నారు, ఎక్కువగా నోటుపుస్తకాలు, ప్రాక్టీసు పుస్తకాలు, పలకలు లాంటివి కొన్నారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే డబ్బు, అవే పుస్తకాలు, మార్కులు మాత్రం కదల్లేదు. ఎందుకో తెలుసా? మొదటి ఏడాది గ్రాంటు వస్తుందని ఇళ్లల్లో తెలియదు, జూన్‌లోనే అమ్మానాన్నలు కొనాల్సినవి కొనేశారు, వాటి మీద బడి ఇచ్చింది అదనం అయింది. రెండో ఏడాదికి 'బళ్లో ఇస్తార్లే' అని ఇంట్లో కొనడం తగ్గించారు, గ్రాంటు ఎంతిచ్చిందో దాదాపు అంతా అటు తగ్గిపోయింది. తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదమ్మా, మిగిలిన డబ్బు బియ్యానికో ఆటో టైరుకో పనికొస్తుంది, అదీ మంచిదే. కాకపోతే అది ఇంటికి జరిగిన మేలు, చదువులో కనపడదు. మీకు మీరే ఒకసారి చూసుకోండి, ట్యాబులు వచ్చాక పాపని సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకునే టైమేమైనా తగ్గిందా? నిష్ఠూరంగా అడగడం లేదు, మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

బోనసు పెట్టిన బళ్లలో రెండేళ్లకి పిల్లలు లెక్కల్లో బాగా, తెలుగులో కొంత ముందుకొచ్చారు. టీచర్లు బడికి రావడం ఏమీ పెరగలేదు, వచ్చినవాళ్లే అదనంగా క్లాసులు తీసుకున్నారు, హోంవర్కు ఇచ్చారు, పరీక్షలు రాయించి దిద్దారు. అదనపు టీచర్ని ఇచ్చిన బళ్లలోనూ మార్కులు పెరిగాయి. నేను బోనసుకి ఓటెయ్యడం లేదు, దానితో వచ్చే గొడవలు నాకు తెలుసు. ఎక్కడ మార్కులు పెరిగాయో అక్కడ ఒక మనిషి పిల్లల ముందు కూర్చున్న గంటలు పెరిగాయి, ఆ సంగతొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇక మీరు చేయాల్సింది. మీరు కమిటీలో కొబ్బరికాయ కొట్టడానికి లేరు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంట్లే కాదు, 'ఇతర మార్గాల్లో' వచ్చిన వాటిని ఎలా వాడుతున్నారో చూసే పని కూడా కమిటీదే అని అందులో రాసుంది. మీ ప్రాజెక్టు కూడా అందులోకే వస్తుంది. ఈసారి మీటింగులో మూడే అడగండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్లో ఎంతమంది చిన్న కథ చదవగలరు, జాబితా ఉందా? వెనకబడ్డవాళ్లకి రోజూ ఏ పీరియడ్‌లో ఎవరు చెప్తున్నారు? ప్రాజెక్టు వెళ్లిపోయాక టీవీ పాడైతే డబ్బు ఎక్కడిది? గట్టిగా అడగనక్కర్లేదు, మినిట్స్ పుస్తకంలో రాయించండి చాలు, రాసిన దానికి జవాబు చెప్పక తప్పదు. హెడ్మాస్టార్లం నోటిమాటకి భయపడం గానీ మినిట్స్ పుస్తకానికి భయపడతాం.

ప్రైవేటు సంగతి. దాని మీదా మన రాష్ట్రంలోనే పరీక్ష పెట్టి చూశారు, 180 గ్రామాల్లో, పైన చెప్పిన ఆ ఇద్దరు ఆర్థికవేత్తలే. లాటరీ తగిలిన పిల్లలకి ఫీజు కట్టి ప్రైవేటులో చేర్పించి నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకీ వీళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు వాళ్లు బాగా ముందున్నారు, ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో అది అసలు చెప్పేవాళ్లు కాదు మరి. అది పల్లెటూళ్ల లెక్క, సింగ్‌నగర్ వేరే కావచ్చు. అయినా పాపకి ఇప్పుడు కావాల్సింది అప్పు తెచ్చుకునే తీసివేత, దానికోసం మీ ఆయన అప్పు తేవడం ఎందుకు? ఒక మూడు నెలలు రోజూ సాయంత్రం అరగంట చదివించండి, బళ్లో ఆ పీరియడ్ కోసం పట్టుబట్టండి, సంక్రాంతి తర్వాత మళ్లీ రాయండి.

*

ప్రశ్న: సార్, తెనాలి దగ్గర ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. మా బళ్లో ఒకేసారి మూడు ప్రాజెక్టులు నడుస్తున్నాయి, ఒకటి చదవడం మీద, ఒకటి చేతులు కడుక్కోవడం మీద, ఇంకోటి ట్యాబులు. ముగ్గురికీ వేర్వేరు యాప్‌లు, వేర్వేరు ఫొటోలు, వేర్వేరు ట్రైనింగులు. ట్రైనింగుకి ఒకరం వెళ్తే ఐదు తరగతులూ రెండోవాళ్ల మీదే. మొన్న టెస్టులో ఒక పిల్లాడు కార్డు తలకిందులుగా పట్టుకుని కథ మొత్తం గడగడా చదివేశాడు, మూడోసారి అదే కార్డు కదా, నోటికొచ్చేసింది. వచ్చినావిడ వాడికి 'కథ' స్థాయి అని టిక్కు పెట్టుకుని వెళ్లింది. వీటిని వద్దనొచ్చా?
(ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: టీచరమ్మా, ఆ తలకిందుల కార్డుని ఫ్రేము కట్టించి నా గదిలో పెట్టుకోవాలనుంది.

ఇది ఆ పిల్లాడి తెలివితక్కువేమీ కాదు, వాడు మహా తెలివైనవాడు. ప్రాజెక్టుకి కావాల్సింది టిక్కు, వాడు టిక్కు ఇచ్చాడు. నేను హెచ్చెమ్‌గా ఉండగా ఒక ప్రాజెక్టు కుర్రాడు ప్రాజెక్టు మొదట్లో పెట్టే బేస్‌లైన్ టెస్టు రోజు నా పక్కకొచ్చి మెల్లగా 'సార్, ఇప్పుడు మరీ బాగా చేయించకండి, చివర్లో పెరిగినట్టు కనపడాలి కదా' అన్నాడు. అబద్ధం చెప్పమని కాదట, 'కొంచెం సహజంగా ఉండనివ్వండి' అట. నాకు అర్థమైంది, వాడి ఉద్యోగం ఆ పెరుగుదల మీద ఆధారపడి ఉంది. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో మార్కులు ఇంత పెరిగాయని రాస్తే నేను అడిగేది, కొలిచిందెవరు? డబ్బిచ్చినవాళ్లా, తీసుకున్నవాళ్లా, సంబంధం లేని మూడోవాళ్లా? సంబంధం లేనివాళ్లు, పిల్లలు ముందెప్పుడూ చూడని పేపరుతో కొలిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

వద్దనొచ్చా అంటే, పై నుంచి ఆర్డరు కాపీ ఉన్నదాన్ని మీరు వద్దనలేరు. ఆర్డరు లేకుండా నేరుగా గేటు లోపలికొచ్చినదాన్ని నిక్షేపంగా వద్దనొచ్చు, అనాలి కూడా. ముందు ఆ మూడిట్లో ఎన్నిటికి కాగితం ఉందో హెచ్చెమ్‌ని చూడమనండి, నా అనుభవంలో మూడిట్లో ఒకటి ఎవరో ఎవరికో ఫోన్ చేస్తే వచ్చినదై ఉంటుంది. కాగితం ఉన్నవాటికి, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఒక లెక్క పెట్టండి. గత మూడు నెలల్లో ట్రైనింగులకి ఎన్ని రోజులు పోయాయి, ఒక్కో రోజు ఇద్దరు టీచర్ల బళ్లో ఎన్ని పీరియడ్లు గాలికిపోయాయి. తేదీలతో సహా రాసి ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇవ్వండి. పనెక్కువైందని గోడు వెళ్లబోసుకుంటే అందరిదీ అదే గోడు అంటారు, తేదీలు పెడితే అలా అనడం కష్టం.

అలా అని ప్రాజెక్టులన్నీ దండగ అని నేననను. నేను సర్వీసులోకి వచ్చిన కొత్తలో బ్రిటిష్ వాళ్ల సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉండేది, మేం ఏపీపెప్ అనేవాళ్లం. 1980ల్లో మొదలై 90ల్లో ముగిసింది. ఆరు సూత్రాలని ట్రైనింగిచ్చి, కత్తెర, జిగురు, రంగు కాగితాలు చేతికిచ్చేవాళ్లు. సీనియర్లు తెగ నవ్వుకునేవాళ్లు, యాభై మంది పిల్లలున్న గదిలో గుండ్రంగా కూర్చోబెట్టడమేంటని. నిజమే, చాలా బళ్లలో ఆ కత్తెరలు టైలరు షాపులకి చేరాయి. కానీ దానిలో ఉపాధ్యాయ కేంద్రం అని ఒకటుండేది, చుట్టుపక్కల బళ్ల టీచర్లందరం ఒకచోట కూర్చుని ఎవరు ఏ పాఠం ఎలా చెప్పామో చెప్పుకునేవాళ్లం. భాగహారం పుల్లలతో చెప్పడం నేను అక్కడే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను, రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. ప్రాజెక్టు వాళ్లు దాన్ని రిపోర్టులో రాసుకున్నారో లేదో మరి, నాకు మాత్రం ఆ పథకం అంటే ఆ పుల్లల కట్టే.

మీ మూడిట్లో చదవడం మీద ఉన్నది ఉంచుకోండి. కార్డులు మాత్రం మీరే మార్చుకోండి, ఈనాడు వెనక పేజీ కత్తిరించినా సరిపోతుంది.

*

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. గుంటూరు జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో 1994 టెన్త్ బ్యాచ్ మాది. ఇప్పుడు నేను డల్లాస్‌లో ఉన్నాను, మా బ్యాచ్ వాళ్లం కొందరు ఇక్కడ, కొందరు హైదరాబాద్‌లో ఉన్నాం. అందరం కలిసి ఆరు లక్షలు పోగుచేశాం. మా ఊరి స్కూలుకి డిజిటల్ క్లాస్‌రూం కట్టిద్దామని ఆలోచన. పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలకి కూడా ఏదైనా చెయ్యాలని ఉంది. సలహా చెప్పగలరు.
(ఒక పూర్వ విద్యార్థి)

జవాబు: బాబూ, గుర్తుపెట్టుకుని వెనక్కి ఇవ్వాలనుకున్నావు, సంతోషం. కృష్ణా, గుంటూరు జిల్లాల బళ్లలో నీలాంటివాళ్ల చేత్తో కట్టిన గదులూ, వేయించిన బోర్లూ, పెట్టించిన ఆర్వో ప్లాంట్లూ లేని ఊరు తక్కువ. ఇక చేదుమాట, డిజిటల్ క్లాస్‌రూం వద్దు. పైన కంప్యూటర్ల గది కథ చెప్పాను కదా. అది మన దగ్గరే కాదు, పెరూ దేశంలో పిల్లలకి లక్షల కొద్దీ ల్యాప్‌టాప్‌లు పంచారు, తర్వాత పరిశోధకులు పరీక్ష పెట్టి చూస్తే లెక్కల్లోగానీ చదవడంలోగానీ ఏమీ పెరగలేదు. కెన్యాలో ఇంకో సంస్థ టెక్స్ట్‌బుక్కులు ఇచ్చి చూసింది, సగటు మార్కులు పెరగలేదు, అప్పటికే బాగా చదివే కొద్దిమందికి మాత్రం ఉపయోగపడ్డాయి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, మిగతా పిల్లలు వాటిని చదవలేరు. ఇది చదివినప్పుడు నాకు వెంటనే మన ఇంగ్లీషు మీడియం వాచకాలు గుర్తొచ్చాయి, ఇంకా చెప్తే రాజకీయం అంటారు, వదిలేస్తాను.

ఆ డబ్బు ప్రాథమిక పాఠశాలలో పెట్టు, మనుషుల మీద పెట్టు. ముంబయి, వడోదరలో ప్రథమ్ సంస్థ బాలసఖి అని చేసింది. ఆ బస్తీలోనే ఉండే చదువుకున్న ఆడపిల్లని పెట్టుకుని, వెనకబడిన పదిహేను ఇరవై మందిని రోజుకి రెండు గంటలు పక్కకి కూర్చోబెట్టి అక్షరాలు, కూడికలు చెప్పించారు. పిల్లలు నిజంగానే పైకొచ్చారు. దాన్ని పరీక్షించినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు, వాళ్లకి 2019లో నోబెల్ వచ్చింది.

నీ ఆరు లక్షలకి లెక్క వేస్తాను. ఊళ్లో డీఎడ్డో డిగ్రీయో చేసి ఖాళీగా ఉన్న ఇద్దరమ్మాయిలు, నెలకి 8 వేల చొప్పున, ఏడాదికి పది నెలలు. ఏడాదికి 1 లక్షా 60 వేలు, మూడేళ్లకి 4 లక్షల 80 వేలు. మిగిలిన 1 లక్షా 20 వేలల్లో కథల పుస్తకాలు, కార్డులు, వాళ్లకి ఏడాదికొకసారి ట్రైనింగు. మధ్యాహ్నం మూడు, నాలుగు, ఐదు తరగతులని కలిపేసి, తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి గుంపులు చేయమను, అక్షరాలు రానివాళ్లు ఒకచోట, పదాలు చదివేవాళ్లు ఒకచోట, కథ చదివేవాళ్లు ఒకచోట. దాత పేరుతో రాయి వేయించుకోవడానికి చోటుండదు, అదొక్కటే లోటు.

ముఖ్యమైన సంగతి ఒకటి. మీలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ల) కార్డున్నా సరే, విదేశీ విరాళమే, తీసుకునే ట్రస్టుకి విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ ట్రస్టు ఆ డబ్బుని ఇంకో ట్రస్టుకి మళ్లించడం కూడా కుదరదు. కాబట్టి ముందు ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో తేల్చుకుని, రెండు డబ్బుల్నీ వేరుగా పెట్టండి. స్నేహితుడి సేవింగ్స్ ఖాతాలో అందరూ వేసేసి తర్వాత చూద్దాం అనుకోవద్దు, మంచి పని చేయబోయి నోటీసులు అందుకున్నవాళ్లని చూశాను. చార్టర్డ్ అకౌంటెంటుని ఒక గంట కూర్చోబెట్టుకోండి.

హైస్కూలుకి ఏం చెయ్యాలంటావా? హెచ్చెమ్‌ని అడుగు, ఏం పాడై మూలపడి ఉందో. కొత్తది ఇవ్వడానికి వందమంది వస్తారు, పాతది బాగుచేయించేవాడు దొరకడు. పిల్లలు వందా రెండొందల యాభై మధ్య ఉన్న బడికి సమగ్ర శిక్షా కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 50 వేలు, అందులో పదో వంతు శుభ్రతకే పెట్టాలి, మోటారు కాలితే ఇక ఆ ఏడాది అంతే. ఆడపిల్లల బాత్రూముల్లో కుళాయిలు తిరుగుతున్నాయో లేదో ముందు కనుక్కో.

*

ప్రశ్న: ప్రపంచ బ్యాంకు మన బళ్లకి డబ్బిచ్చిందంటారు కదా, అది సాయమా అప్పా? తీర్చేది ఎవరు?
(ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అప్పే. మన రాష్ట్రంలో బడి చదువు మెరుగుపరచడానికి పెట్టిన 'సాల్ట్' అనే పథకానికి 2021లో 25 కోట్ల డాలర్లు మంజూరు చేశారు, తీర్చేది మన పన్నులే. మొత్తం ఒకేసారి ఇచ్చేయరు, ఒప్పుకున్న ఫలితాలు చూపించినకొద్దీ విడుదల చేస్తారు. సామాను కొన్న బిల్లులు చూపించి డబ్బు తీసుకోవడం కంటే ఈ పద్ధతి నయమే, కాకపోతే ఫలితం అంటే ఏమిటని రాసుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది అంతా. 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకానికి (డీపీఈపీకి) ప్రపంచ బ్యాంకుతో పాటు యూరోపియన్ కమిషన్, బ్రిటన్, నెదర్లాండ్స్ కూడా డబ్బు పెట్టాయి, అందులో కొంత గ్రాంటు, కొంత అప్పు. ఊళ్లో ఎవరైనా 'వరల్డ్ బ్యాంక్ వాళ్లు ఫ్రీగా కట్టించారు' అంటే నమ్మకండి, అది మీ సొమ్మే అనుకుని గోడ పగిలితే అడగండి.

*

ప్రశ్న: అంకుల్, గుంటూరులో ఒక సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. మాది ఒక కంపెనీ సీఎస్సార్ డబ్బుతో, అంటే సమాజం పనులకి కంపెనీలు పెట్టే డబ్బుతో నడిచే రెండేళ్ల ప్రాజెక్టు, మార్చి 31తో అయిపోతుంది. ఆరు బళ్లు చూస్తాను. పిల్లలు నిజంగా బాగా చదువుతున్నారు, నేను చెప్పుకోవడం కాదు. ఏప్రిల్ నుంచి ఎవరూ ఉండరు. కంపెనీ వాళ్లు వచ్చే ఏడాది చెరువుల మీద పెడతారంట. పిల్లల సంగతి తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు, నా ఉద్యోగం టెన్షన్ వేరే.
(ఒక యువకుడు)

జవాబు: తమ్ముడూ, కంపెనీని అనడానికి లేదు. కంపెనీల చట్టం మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టమంది గానీ ఒకే బడి మీద పదేళ్లు పెట్టమనలేదు. చదువూ ఆ జాబితాలో ఉంది, చెరువులూ ఉన్నాయి.

నీ భయం మాత్రం నిజమే. పైన చెప్పిన బాలసఖిలో కూడా, ప్రోగ్రాం వదిలిన ఏడాదికి పిల్లల్లో వచ్చిన లాభం చాలావరకు కరిగిపోయింది, కొంచెమే మిగిలింది. ప్రభుత్వానికి అప్పజెప్పేస్తే సరిపోతుందా అంటే అదీ కష్టమే. కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల పథకం ఒక సంస్థ నడిపినచోట మార్కులు పెరిగాయి, అదే పథకం ప్రభుత్వం నడిపినచోట ఏమీ పెరగలేదు.

అయినా చేతిలో ఉన్న నెలల్లో చేయదగ్గది ఉంది. ఆరు బళ్లనీ సమానంగా చూడటం మానెయ్. ఏ బళ్లో టీచరు నీతో పాటు కూర్చుని చూసిందో, నువ్వు రానిరోజు కూడా నీ పాఠాన్ని నడిపిందో, అలాంటివి ఆరిట్లో రెండో మూడో ఉంటాయి, నీకే తెలుసు. జనవరి నుంచి అక్కడ నువ్వు వెనక బెంచీలో కూర్చో, పాఠం ఆమెని చెప్పనివ్వు. హెచ్చెమ్‌తో మాట్లాడి వచ్చే జూన్ టైంటేబుల్లో ఆ పీరియడ్ ఇప్పుడే పెన్నుతో రాయించు, పెన్సిల్‌తో కాదు. మిగతా బళ్లకి కార్డులు, పుస్తకాలు ఇచ్చేసి నమస్కారం పెట్టి రా, అక్కడ నువ్వు చేయగలిగింది అంతే, దానికి నిద్ర పాడుచేసుకోకు.

ఇంకోటి. ఏ పిల్లాడికి ఏమొచ్చు, ఎవరు ఎక్కడ ఆగిపోయారు అని నువ్వు రెండేళ్లుగా రాసుకున్న లిస్టు ఎక్సెల్లో ఉండుంటుంది. అది ప్రింటు తీయించి, ఒక్కో బడికి ఒక్కో కాపీ, హాజరు పట్టీలో పెట్టి క్లాస్ టీచరు చేతికివ్వు. ల్యాప్‌టాప్‌లోనే ఉంచకు, ఏప్రిల్ ఒకటిన దాన్ని కూడా వెనక్కి తీసుకుంటారుగా.